అడవిలో మాటలు ఏరిన చితంపల్లిగారు

పిల్లవాడు చెట్లవెంట, పిట్టలవెంట తిరిగినచో చదువు చెడునని బెంగపడు తలిదండ్రులు మన కొంతం చౌక్ పరిసరములలో పలువురు గలరు. ఇంటి తెలుగు మాటలు బిడ్డల నోట నానాటికి తరిగిపోవుచున్నవను చింతయు వారికి గలదు. ఈ రెండు చింతలకును ఒక్కటే సమాధానము మన యూరిలో పుట్టిన యొకరి జీవితమున దొరకుచున్నది. వారే శ్రీ మారుతి చితంపల్లిగారు.

ఆయన 1932 నవంబరు 5వ తేదీన సోలాపురములో జన్మించిరి. ఆ యింటిపేరు విన్నంతనే మనకు ఆత్మీయముగ తోచును. ఆయన రచనలు మాత్రము మరాఠీలో వెలసినవి. సోలాపురములో చదువుకొని, కోయంబత్తూరు అటవీ కళాశాలలో శిక్షణ పొంది, మహారాష్ట్ర అటవీశాఖలో చేరిరి. కర్నాళా, నవేగావ్ బాంధ్, నాగ్‌ఝిరా, మేళ్‌ఘాట్ అడవులలో పనిచేసి 1990లో ఉద్యోగ విరమణ గావించిరి. 'పక్షీ జాయ్ దిగంతరా', 'రాన్‌వాటా' మున్నగు గ్రంథములును, 'చక్వాచందన్' అను ఆత్మకథయు, 'పక్షికోశ్' అను నిఘంటువును రచించిరి. 2006లో సోలాపురముననే జరిగిన 79వ అఖిల భారతీయ మరాఠీ సాహిత్య సమ్మేళనమునకు అధ్యక్షత వహించిరి. 2025లో పద్మశ్రీ పురస్కారము నందుకొని, ఆ సంవత్సరమే జూన్ 18వ తేదీన ఈ యూరిలోనే తనువు చాలించిరి.

అడవిలో తిరిగినవారందరును రచయితలు కారు. చితంపల్లిగారి విశేషమేమనగా, చూచినదానిని ఏనాటికానాడు దినచర్య పుస్తకమున వ్రాసికొనెడివారు. తెలియనిదానిని అడవి ప్రజల నడిగి, వారు వాడు పేరునే గ్రహించెడివారు. మాట లేనిచోట తామే కూర్చిరి. కాకులు గుంపుగ గూళ్లు కట్టుకొను చోటును 'కాకాగార్' అనియు, కొంగజాతి పక్షులు అట్లు చేరు తావును 'సారంగాగార్' అనియు పిలిచిరి. ఈ విధముగ అడవి నడక ఒక భాషకు సంపదయైనది. ఆరుబయట తిరుగుట చదువునకు శత్రువు కాదు. కన్ను చూచినదానికి పేరు వెదకుటయే చదువునకు మొదలు.

మన బిడ్డలకు ఇందు మరియొక మేలు గలదు. వారు రెండు భాషల నడుమ పెరుగుచున్నారు గనుక ప్రతి పిట్టకును రెండు పేర్లు నేర్వగలరు. గడ్డిపోచలతో గూడు నేయు గిజిగానిని మరాఠీవారు 'సుగరణ్' అందురు. నేతగాండ్ర బిడ్డకు ఈ పిట్టను పరిచయము చేయుటకు వేరొక ఉపోద్ఘాతము వలయునా? మన బట్టమేకపిట్ట వారికి 'మాళ్‌ఢోక్'. సోలాపురమునకు సమీపముననున్న నాన్నజ్ ప్రాంతమున 1979లో దాని కొఱకే అభయారణ్యము నేర్పరచిరి. గడ్డి మైదానములు తరిగిన కొలదియు ఆ పక్షి మిక్కిలి అరుదైపోయినది. పిట్ట కనబడకున్నచో దాని పేరును నోట నిలువదు. పేరు మఱచినవారికి పిట్ట పోయిన సంగతియు తెలియదు.

చితంపల్లిగారి జన్మదినమగు నవంబరు 5 మొదలుకొని, పక్షిశాస్త్రజ్ఞులు సలీం అలీగారి జన్మదినమగు 12వ తేదీ వరకు మహారాష్ట్రమున పక్షి సప్తాహము జరుపుచున్నారు. తలిదండ్రులకు మా మనవి యొక్కటే. ఆ వారములో ఒకనాటి యుదయము బిడ్డను సిద్ధేశ్వరాలయపు చెఱువు గట్టునకు తోడ్కొనిపొండు. కనబడిన పిట్టల పేర్లను తెలుగునను మరాఠీలోను నోటుపుస్తకమున వ్రాయింపుడు. తెలియని పేరును ఇంటనున్న అవ్వనో తాతనో అడిగింపుడు. పెద్దలకు జ్ఞాపకమున్న పేర్లు వారితోనే పోకుండ బిడ్డల చేతివ్రాతలో నిలుచును. ఇందులకు రూపాయి ఖర్చు లేదు. ఒక్క ఉదయము చాలును.