బదిలీ వదంతి - అభిమానుల తర్కం: హ్యారీ కేన్ ఉదంతం (2021-2023)

వ్యాససంగ్రహం:
యూరప్ ఫుట్‌బాల్‌లో ప్రతి వేసవిలోనూ పేరున్న ఆటగాళ్ల బదిలీలపై అభిమానులు విస్తృతంగా ఊహాగానాలు చేస్తారు. వీటిని కాలక్షేపపు కబుర్లుగా కొట్టిపారేయడం పరిపాటి. ఇంగ్లండ్ స్ట్రైకర్ హ్యారీ కేన్ టోటెన్‌హామ్ హాట్‌స్పర్ క్లబ్బును వీడతాడన్న వదంతి 2021లో ఫలించలేదు, 2023లో నిజమైంది. ఈ రెండు సందర్భాలను పోల్చి, అభిమానుల ఊహాగానంలో ఉన్న తర్కాన్నీ, దాని పరిమితులనూ, దాని వెనుక ఉన్న నైతిక చర్చనూ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వదంతి, ఊహాగానం, బదిలీ, ఒప్పందం, విధేయత, అభిమాని.

1. ప్రస్తావన:
తెలుగులో బదిలీ అనగానే ఉద్యోగి స్థానచలనం స్ఫురిస్తుంది. అక్కడ పై అధికారి ఉత్తర్వు ఉంటే చాలు. ఫుట్‌బాల్ బదిలీ స్వభావం వేరు. ఒప్పందం గడువులో ఉన్న ఆటగాడు మరో క్లబ్బుకు వెళ్లాలంటే అమ్మే క్లబ్బు, కొనే క్లబ్బు, ఆటగాడు ముగ్గురూ అంగీకరించాలి. ముగ్గురిలో ఏ ఒక్కరు కాదన్నా వ్యవహారం ఆగిపోతుంది. పైగా ఈ అంగీకారం నిర్ణీత గడువులోగా కుదరాలి. చర్చలు రహస్యంగా జరుగుతాయి. ఫలితం మాత్రం లక్షలాది అభిమానులకు సంబంధించినది. ఈ రహస్యానికీ ఆ ఆసక్తికీ నడుమ ఏర్పడే ఖాళీలోనే ఊహాగానం పుడుతుంది.

వదంతి, పుకారు, నీలివార్త, ఊహాగానం అనే మాటలను వ్యవహారంలో ఒకదానికి బదులుగా మరొకటి వాడుతుంటారు. ఈ వ్యాసంలో రెండింటిని వేరుచేయడం అవసరం. ఆధారం తేలకుండా నోటినోటా సాగే సమాచారం వదంతి. ఆ సమాచారాన్ని తెలిసిన విషయాలతో జోడించి ఇలా జరగవచ్చునని చేసే అనుమానం ఊహాగానం. అభిమాని వదంతిని వింటాడు, ఊహాగానాన్ని తానే నిర్మిస్తాడు.

2. సైద్ధాంతిక నేపథ్యం:
ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ 1947లో వెలువరించిన గ్రంథంలో వదంతి వ్యాప్తికి రెండు హేతువులు చెప్పారు. విషయం వినేవారికి ముఖ్యమైనదై ఉండాలి, దాని గురించిన సమాచారం అస్పష్టంగా ఉండాలి. వీటిలో ఏది శూన్యమైనా వదంతి నిలవదు. టమోట్సు షిబుటాని 1966లో మరో అడుగు ముందుకు వేశారు. వదంతిని సత్యానికి పట్టిన వికారంగా కాక, నమ్మదగిన వార్త అందనప్పుడు జనం కలిసి పరిస్థితిని అర్థం చేసుకునే ప్రయత్నంగా ఆయన భావించారు. బదిలీ వేళ అభిమానుల సంభాషణకు ఈ రెండో దృష్టి ఎక్కువగా సరిపోతుంది. వారు విన్నది విన్నట్టు ఒప్పజెప్పరు. ప్రశ్నిస్తారు, లెక్కలు వేస్తారు, పాత ఉదాహరణలు చూపుతారు.

3. 2021 - నిప్పు ఉన్నా ఫలించని వదంతి:
కేన్ బాల్యం నుంచీ టోటెన్‌హామ్ శిక్షణలో పెరిగినవాడు. 2020-21 ప్రీమియర్ లీగ్‌లో 23 గోల్స్‌తోనూ, 14 గోల్ సహకారాలతోనూ రెండింటా ప్రథమస్థానం పొందాడు. అతని క్లబ్బు మాత్రం ఏడో స్థానంలో ముగిసింది. 2008 లీగ్ కప్పు తరువాత ఆ క్లబ్బుకు పెద్ద ట్రోఫీ దక్కలేదు. 2019 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లోనూ, 2021 ఏప్రిల్‌లో లీగ్ కప్పు ఫైనల్‌లోనూ ఓటమే ఎదురైంది. రెండో ఓటమికి కొద్దిరోజుల ముందే కోచ్ జోసే మొరీన్యోను క్లబ్బు తొలగించింది.

ఈ స్థితిలో కేన్ క్లబ్బు వీడాలనుకుంటున్నాడని మే నెలలో వార్తలు వచ్చాయి. అదే సమయంలో మాంచెస్టర్ సిటీ నుంచి స్ట్రైకర్ సెర్హియో అగ్వేరో నిష్క్రమించాడు. అభిమానులు ఈ రెండింటినీ జోడించారు. ఒకచోట ట్రోఫీ కోరే స్ట్రైకర్, మరోచోట ట్రోఫీలున్నా స్ట్రైకర్ లేని జట్టు. అనుమానం తర్కబద్ధంగానే ఉంది. అయినా బదిలీ జరగలేదు. ఆగస్టు 15న టోటెన్‌హామ్ అదే మాంచెస్టర్ సిటీని 1-0తో ఓడించినప్పుడు కేన్ మైదానంలో లేడు. ఆగస్టు 25న తాను ఆ వేసవిలో క్లబ్బులోనే కొనసాగుతున్నట్లు అతడే ప్రకటించాడు.

నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత ఇక్కడ సగం మాత్రమే వర్తిస్తుంది. నిప్పు ఉంది, ఆటగాడి కోరిక కల్పితం కాదు. కాని కోరిక వేరు, సాధ్యత వేరు. ఆటగాడు వెళ్లదలచుకున్నాడన్న వదంతి నిజం కావచ్చు, వెళతాడన్న ఊహాగానం తప్పు కావచ్చు. అభిమానుల అనుమానంలో సర్వసాధారణంగా కనిపించే దోషం మొదటిదాన్ని రెండోదానికి రుజువుగా స్వీకరించడమే.

4. ఒప్పందపు గడువు - నిర్ణాయక హేతువు:
2021లో అభిమానుల లెక్కలో తక్కువ ప్రాధాన్యం పొందిన అంశం ఒప్పందపు గడువు. కేన్ 2018లో ఆరేళ్ల ఒప్పందంపై సంతకం చేశాడు. అది 2024 వేసవి వరకు వర్తిస్తుంది. అంటే 2021లో ఇంకా మూడేళ్లు మిగిలి ఉన్నాయి. అప్పుడు అమ్మకపోతే క్లబ్బుకు తక్షణ నష్టమేమీ లేదు. అధ్యక్షుడు డేనియల్ లీవీ కాదనగలిగిన బలం ఇక్కడి నుంచే వచ్చింది.

దీని మూలం 1995 డిసెంబరు 15న యూరోపియన్ న్యాయస్థానం బోస్మన్ వ్యాజ్యంలో ఇచ్చిన తీర్పులో ఉంది. ఒప్పందం ముగిసిన ఆటగాడు యూరోపియన్ యూనియన్ పరిధిలో మరో దేశపు క్లబ్బుకు వెళితే పాత క్లబ్బు బదిలీ రుసుము కోరరాదని ఆ తీర్పు సారాంశం. ఫిఫా నిబంధనల ప్రకారం ఒప్పందపు చివరి ఆరు నెలల్లో ఆటగాడు కొత్త క్లబ్బుతో ముందస్తు ఒప్పందం చేసుకోవచ్చు. కనుక గడువు తరిగేకొద్దీ అమ్మే క్లబ్బు బలం తరుగుతుంది, ఆటగాడి బలం పెరుగుతుంది.

2023 వేసవి నాటికి కేన్ ఒప్పందంలో ఒక్క ఏడాదే మిగిలింది. అప్పుడు అమ్మకపోతే మరుసటి ఏడాది రుసుము లేకుండానే వదులుకోవలసి వచ్చేది. బయెర్న్ మ్యూనిక్‌కు కూడా 2022లో లెవాండోవ్‌స్కీ వెళ్లిపోయాక స్ట్రైకర్ కొరత ఉంది. 2023 ఆగస్టు 12న బదిలీ అధికారికంగా వెలువడింది. ఆటగాడు అతడే, అమ్మిన క్లబ్బు అదే, అధ్యక్షుడూ ఆయనే. మారిన అంశాలలో నిర్ణయాన్ని మలుపు తిప్పినది ప్రధానంగా కాలం.

5. విధేయత - అభిమాని నిస్సహాయత:
ఊహాగానం లెక్కలతో ముగియదు. వెళ్లడం న్యాయమా అన్న ప్రశ్న వెంటనే తలెత్తుతుంది. ఆల్బర్ట్ హర్ష్‌మన్ 1970లో ప్రచురించిన గ్రంథంలో, సంస్థ పనితీరు క్షీణించినప్పుడు దాని సభ్యులకు రెండు మార్గాలుంటాయని చెప్పారు: నిష్క్రమణ లేదా నిరసన స్వరం. విధేయత ఈ రెండింటి మధ్య ఎంపికను ప్రభావితం చేస్తుంది. ఈ వర్గీకరణను ఇక్కడ అన్వయిస్తే ఒక అసమానత బయటపడుతుంది. కేన్‌కు నిష్క్రమణ ఆలస్యంగానైనా సాధ్యమైంది. అభిమానికి అది దాదాపు అసాధ్యం. క్లబ్బు ఓడిపోతోందని పక్క క్లబ్బుకు అభిమానం మార్చుకునేవారిని తోటి అభిమానులు అభిమానిగానే గుర్తించరు. మిగిలింది స్వరమే.

అందుచేత కేన్ వెళతాడా అన్న చర్చ నిజానికి మరో ప్రశ్నకు ముసుగు. ఈ క్లబ్బుకు గెలవాలన్న సంకల్పం ఉందా అన్నదే ఆ ప్రశ్న. కేన్‌ను నిందించినవారు క్లబ్బు గౌరవాన్ని కాపాడుతున్నామనుకున్నారు. అతణ్ణి సమర్థించినవారు యాజమాన్యాన్ని నిలదీశారు. 2023 ఫిబ్రవరి 5న కేన్ తన 267వ గోల్‌తో జిమ్మీ గ్రీవ్స్ నెలకొల్పిన 266 గోల్స్ క్లబ్బు రికార్డును అధిగమించాడు. ఆ తరువాత ద్రోహమన్న మాట బలం కోల్పోయింది. ఇన్నేళ్లు ఇచ్చినవాడికి వెళ్లే హక్కు లేదా అన్న వాదన బలపడింది. విధేయతకు కొలత కాలమా, ఫలితమా అన్నది మాత్రం తేలలేదు.

6. వదంతిని పరీక్షించే పద్ధతి:
బదిలీ సమాచారం తటస్థంగా వెలువడదు. ధర పెంచాలని అమ్మే క్లబ్బూ, దించాలని కొనే క్లబ్బూ, కొత్త ఒప్పందంలో మెరుగైన జీతం కోసం ఏజెంటూ సమాచారాన్ని బయటకు వదిలే అవకాశముంది. కాబట్టి వదంతి వినగానే నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఒప్పందంలో ఎంత గడువు మిగిలింది? కొనే జట్టులో నిజంగా ఖాళీ ఉందా? ఆ ధర చెల్లించే స్తోమత ఉందా? ఈ వార్త వల్ల ప్రయోజనం ఎవరికి? మొదటి మూడు ప్రశ్నలు సాధ్యతను తేలుస్తాయి. నాలుగోది వార్త పుట్టుకను సూచిస్తుంది.

7. ముగింపు:
ఊహాగానం బదిలీ జరుగుతుందా అన్నదాన్ని కొంతవరకు అంచనా వేయగలదు. బదిలీ తరువాత ఏమవుతుందో చెప్పడంలో దాని శక్తి స్వల్పం. ట్రోఫీ కోసమే కేన్ వెళ్లాడని అందరూ అనుకున్నారు. అతడు 2023-24లో బుండెస్‌లీగాలో 36 గోల్స్ చేసినా, వరుసగా 11 సార్లు విజేతగా నిలిచిన బయెర్న్ ఆ ఏడాది లీగ్‌ను లేవర్కూసెన్‌కు కోల్పోయింది. 2025 మే నెలలో కేన్ తొలి లీగ్ విజయాన్ని అందుకున్నాడు. అదే నెల 21న అతడు వీడిన టోటెన్‌హామ్ బిల్బావోలో మాంచెస్టర్ యునైటెడ్‌ను 1-0తో ఓడించి యూరోపా లీగ్ గెలిచి, 17 ఏళ్ల నిరీక్షణకు తెరదించింది. వెళ్లినవాడికీ, వెళ్లలేక నిలిచిన అభిమానులకూ ఒకే నెలలో ఫలం దక్కింది. 2021లో ఇరుపక్షాలా వాదించినవారిలో ఎవరి ఊహకూ అందని పరిణామమిది. అభిమానుల ఊహాగానాన్ని అంచనాల నిష్పత్తితో మాత్రమే కొలవకుండా, అనిశ్చితి నడుమ ఒక సమూహం తన విలువలను చర్చించుకునే ప్రక్రియగా అధ్యయనం చేయవలసిన అవసరాన్ని ఈ ఉదంతం స్పష్టం చేస్తున్నది.