ఓడించిన విద్యతోనే గెలిచినవాడు

మల్లయుద్ధం అనగానే మనకు భీముడూ జరాసంధుడూ గుర్తుకొస్తారు. భీముడి బలానికి కొదవ లేదు. అయినా కృష్ణుడు గడ్డిపరకను చీల్చి, రెండు ముక్కలనూ చెరో దిక్కుకు పడేసి ఉపాయం చూపించేదాకా జరాసంధుడు చావలేదు. కండబలానికి విద్య తోడు కావాలని చెప్పడానికి పెద్దలు ఈ కథ చెబుతుంటారు. అదే మాటను మన కాలంలో రుజువు చేసిన ఒక పోటీ గురించి ఈ వార్షికోత్సవ సంచికలో మన హాస్టల్ మిత్రులకు, పూర్వ విద్యార్థులకు చెప్పాలనుకున్నాం. అది 2021 మార్చి 27న అమెరికాలోని లాస్ వేగాస్‌లో జరిగిన యూఎఫ్‌సీ హెవీవెయిట్ చాంపియన్‌షిప్ పోటీ. ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో పుట్టిన ఫ్రాన్సిస్ ఎంగానూ, అమెరికాకు చెందిన చాంపియన్ స్టీపే మియోచిచ్‌ను ఆ రోజు ఓడించాడు.

ఏమిటీ ఆట?

ముందు ఆట సంగతి తెలుసుకుందాం. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటే అనేక యుద్ధవిద్యల కలయిక. బాక్సింగ్‌లో పిడికిలి గుద్దులే ఉంటాయి. కుస్తీలో పట్లే ఉంటాయి. ఇందులో గుద్దవచ్చు, తన్నవచ్చు, పట్టు పట్టి కింద పడేయవచ్చు, చేతిని మెలిపెట్టి ప్రత్యర్థి చేత ఓటమి ఒప్పించవచ్చు. యూఎఫ్‌సీ సంస్థ మొదటి పోటీని 1993 నవంబరులో డెన్వర్ నగరంలో నిర్వహించింది. తొలిరోజుల్లో నియమాలు చాలా తక్కువ. తర్వాత తలతో గుద్దడం, వెన్నెముక మీద కొట్టడం వంటివి నిషేధించారు.

హెవీవెయిట్ విభాగం అంటే సుమారు 93 కిలోలు దాటి 120 కిలోల వరకు బరువున్నవారిది. చాంపియన్‌షిప్ పోటీలో 5 రౌండ్లు ఉంటాయి. ఒక్కో రౌండు 5 నిమిషాలు. ఎవరూ పడిపోకపోతే ముగ్గురు న్యాయనిర్ణేతలు మార్కులు లెక్కవేస్తారు. రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 లేదా అంతకన్నా తక్కువ. ఈ లెక్క గుర్తుంచుకోండి, ముందుముందు అవసరం పడుతుంది.

ఇసుక క్వారీ బాలుడు

ఎంగానూ 1986 సెప్టెంబరు 5న కామెరూన్‌లోని బాటియే అనే ఊళ్ళో పుట్టాడు. చిన్నప్పుడే తల్లిదండ్రులు విడిపోయారు. బంధువుల ఇళ్ళలో పెరిగాడు. బడి ఈడులోనే ఇసుక క్వారీలో పార పట్టాడు. క్వారీ పని అంటే ఏమిటో మనలో కొందరికి చెప్పనక్కరలేదు. ఆ కష్టంలోనే అతనికి మైక్ టైసన్‌లాగా బాక్సర్ కావాలనే కోరిక పుట్టింది. 22 ఏళ్ళ వయసులో బాక్సింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు.

2012లో ఊరు వదిలాడు. సహారా ఎడారి దాటి మొరాకో చేరాడు. అక్కడి నుంచి సముద్రం దాటడానికి పలుమార్లు ప్రయత్నించి విఫలమయ్యాడు. చివరికి స్పెయిన్ చేరితే అక్కడ రెండు నెలలు నిర్బంధంలో ఉంచారు. 2013లో పారిస్ చేరేనాటికి ఉండడానికి ఇల్లు లేదు, ఆరుబయటే నిద్ర. ఆ దారిలో ప్రాణాలు పోగొట్టుకున్నవారు వేలల్లో ఉన్నారు. కాబట్టి దాన్ని సాహసగాథగా కాక, ఒక మనిషిని పేదరికం ఎంత దూరం తరుముతుందో చెప్పే ఉదాహరణగా చూడాలని మా మనవి.

పారిస్‌లో శిక్షకుడు ఫెర్నాండ్ లోపెజ్ అతన్ని చూసి, బాక్సింగ్ కన్నా మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ వైపు మళ్ళించాడు. 2013 నవంబరులో తొలి పోటీ ఆడిన ఎంగానూ, 2015 డిసెంబరుకల్లా యూఎఫ్‌సీలో అడుగుపెట్టాడు. ఆ సంస్థలో వరుసగా 6 పోటీలు గెలిచాడు. ఒక్కటీ న్యాయనిర్ణేతల దాకా వెళ్ళలేదు.

మొదటి పరీక్ష తప్పాడు

2018 జనవరి 20న బోస్టన్ నగరంలో అతనికి చాంపియన్‌షిప్ అవకాశం వచ్చింది. ఎదుట ఉన్నది మియోచిచ్. ఒహాయో రాష్ట్రానికి చెందిన ఇతను ఒకపక్క అగ్నిమాపక దళంలో ఉద్యోగం చేస్తూనే చాంపియన్ అయినవాడు. కాలేజీ రోజుల నుంచీ కుస్తీలో ఆరితేరినవాడు. అయినా ఎంగానూ పిడికిలి దెబ్బకు నిలవలేడని చాలామంది అనుకున్నారు.

మియోచిచ్ ఆ దెబ్బలను తప్పించుకుంటూ, అదను చూసి నడుముకు, కాళ్ళకు పట్టు పట్టి ఎంగానూను పదేపదే కింద పడేశాడు. పడినవాడు 100 కిలోల పైబడిన మనిషిని మోస్తూ లేవాలి. అలా లేచీ పడీ మొదటి రౌండు అయ్యేసరికే ఎంగానూకు ఆయాసం వచ్చింది. మిగతా నాలుగు రౌండ్లు ఎలాగో నిలబడ్డాడు. ముగ్గురు న్యాయనిర్ణేతలూ 50-44 అని మార్కులు వేశారు. అంటే 5 రౌండ్లకు 5 రౌండ్లూ ఓడాడన్నమాట. బలం తక్కువై కాదు, కుస్తీ రాక ఓడాడు. ఆ గెలుపుతో మియోచిచ్ యూఎఫ్‌సీ హెవీవెయిట్ పట్టాన్ని వరుసగా 3 సార్లు నిలబెట్టుకున్న మొదటి వ్యక్తి అయ్యాడు.

ఆరు నెలలకు డెరిక్ లూయిస్‌తో జరిగిన పోటీలో ఎంగానూ ఇంకా దిగజారాడు. చేయి ఎత్తడానికే వెనకాడాడు. వెనుకటి ఓటమి భయాన్ని తనతో మోసుకొచ్చానని తర్వాత తానే ఒప్పుకున్నాడు. ఒకసారి తప్పినవాడికి రెండోసారి పరీక్ష హాల్లో కూర్చోగానే చేతులు వణకడం మనం చూస్తూనే ఉంటాం. ఇదీ అలాంటిదే.

రెండో పరీక్ష

ఆ తర్వాత మూడేళ్ళలో అతను రెండు పనులు చేశాడు. భయం వదిలి వరుసగా నలుగురిని మొదటి రౌండులోనే ఓడించాడు. వారిలో రోజెన్‌స్ట్రూక్ అనే వీరుణ్ణి 2020లో 20 సెకన్లలో పడగొట్టాడు. అంతకన్నా ముఖ్యమైనది రెండో పని. లాస్ వేగాస్‌లో ఉంటూ, తనకు రాని కుస్తీని మొదటి పాఠం నుంచి నేర్చుకున్నాడు.

2021 మార్చి 27 పోటీ కరోనా కారణంగా ప్రేక్షకులు లేకుండా జరిగింది. బరువు తూచినప్పుడు ఎంగానూ సుమారు 119 కిలోలు, మియోచిచ్ సుమారు 106 కిలోలు. మొదటి రౌండులో మియోచిచ్ పాత ఉపాయమే వేశాడు. కాళ్ళకు పట్టు పట్టబోయాడు. ఈసారి ఎంగానూ కాళ్ళు వెనక్కి విసిరి, తన బరువంతా అతని మీద వేసి పట్టు విడిపించుకున్నాడు. పైగా వెనుకకు తిరిగి దెబ్బలు కూడా కొట్టాడు. మా దృష్టిలో పోటీ తేలిపోయింది అక్కడే. మియోచిచ్ చేతిలోని పెద్ద ఆయుధం పనిచేయలేదు. ఇక నిలబడి గుద్దులాడక తప్పలేదు. రెండో రౌండులో 52 సెకన్ల వద్ద ఎడమచేతి గుద్దుతో మియోచిచ్ కుప్పకూలాడు. అందరూ ఆ గుద్దును గుర్తుపెట్టుకున్నారు. దానికి దారి చేసిన ఆ పట్టు విడుపును కొద్దిమందే గుర్తుపెట్టుకున్నారు.

34 ఏళ్ళ వయసులో ఎంగానూ చాంపియన్ అయ్యాడు. నైజీరియాలో పుట్టిన కమారు ఉస్మాన్, ఇజ్రాయెల్ అడెసాన్యా అప్పటికే వేరే బరువు విభాగాల్లో చాంపియన్లు. ఇలా ఆఫ్రికాలో పుట్టిన ముగ్గురు ఒకేసారి పట్టాలతో ఉన్నారు. బాటియేకు బెల్టుతో తిరిగివచ్చిన ఎంగానూకు జనం బారులు తీరి స్వాగతం పలికారు.

ఆ పోటీ మిగిల్చింది ఏమిటి?

అసలు ఫలితం 2022 జనవరి 22న కనిపించింది. పారిస్‌లో ఒకప్పుడు తనతో కలిసి సాధన చేసిన సిరిల్ గాన్ ఆ రోజు ప్రత్యర్థి. ఎంగానూ మోకాలి లిగమెంట్లు అప్పటికే దెబ్బతిని ఉన్నాయి. మొదటి రెండు రౌండ్లూ వెనుకబడ్డాడు. గుద్దులు పనిచేయవని తెలిసి, మూడో రౌండు నుంచి గాన్‌ను పట్టు పట్టి కింద పడేయడం మొదలుపెట్టి మార్కుల మీద గెలిచాడు. నాలుగేళ్ళ క్రితం ఏ విద్య అతన్ని ఓడించిందో, అదే విద్య అతన్ని గెలిపించింది.

రెండో ఫలితం కూలికి సంబంధించినది. చాంపియన్‌గా ఉండి కూడా ఎంగానూ, ఆటగాళ్ళకు ఆరోగ్య బీమా ఉండాలని, సంస్థ సమావేశాల్లో వారి తరఫున మాట్లాడే మనిషి ఉండాలని, బాక్సింగ్ ఆడుకునే స్వేచ్ఛ ఉండాలని అడిగాడు. ఒప్పందం కుదరలేదు. 2023 జనవరిలో బెల్టు వదులుకుని బయటికి వచ్చాడు. అదే ఏడాది మే నెలలో పీఎఫ్ఎల్ అనే మరో సంస్థలో చేరుతూ, తనతో తలపడేవారికి కనీసం 20 లక్షల డాలర్లు ఇవ్వాలని షరతు పెట్టాడు. ఎదుటివాడి కూలి కోసం కూడా బేరమాడిన చాంపియన్లు అరుదు. ఇసుక పోసిన మనిషికి కూలి విలువ తెలుసు కదా!

ఆ తర్వాత అన్నీ గెలుపులే అని చెబితే అబద్ధమవుతుంది. 2023 అక్టోబరులో బాక్సింగ్ దిగ్గజం టైసన్ ఫ్యూరీని మూడో రౌండులో కింద పడేసినా చివరికి మార్కుల తేడాతో ఓడాడు. 2024 మార్చిలో ఆంథోనీ జాషువా చేతిలో రెండో రౌండులోనే పడిపోయాడు. తర్వాతి నెలలో 15 నెలల కొడుకును పోగొట్టుకున్నాడు. ఆ దుఃఖంతోనే అక్టోబరులో మళ్ళీ బరిలో దిగి, రెనాన్ ఫెరేరాను మొదటి రౌండులో ఓడించాడు.

మిత్రులారా, ఈ ఆట ప్రమాదకరమైనది. తలకు తగిలే దెబ్బలు జీవితాంతం బాధపెట్టగలవు. మనం ఆ కంచెలోకి దిగాలని ఇది రాయలేదు. పదో తరగతిలో లెక్కలో, ఇంగ్లీషో తప్పి, ఆ సబ్జెక్టు పేరు చెబితేనే భయపడి, పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయిన మిత్రులు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు. వారు తమకు వచ్చిన సబ్జెక్టులే మళ్ళీ మళ్ళీ చదువుతారు, తప్పినదాన్ని ముట్టుకోరు. ఎంగానూ ముట్టుకున్నాడు. అంతే తేడా. ఆ మిత్రులెవరైనా ఈ సంచిక చదివితే సప్లిమెంటరీకి ఫీజు కట్టండి. ఓడించిన పుస్తకాన్నే ముందు తెరవండి. పక్కన కూర్చుని చెప్పడానికి మేమున్నాం.