కారు ఎందుకు ఆగిపోయింది?

పిల్లలూ! అంబాసిడరు కారును మీలో చాలామంది చూచే ఉంటారు. వాటి తయారీ 2014లో ఆగిపోయింది గాని, పాతవి కొన్ని యింకా తిరుగుతూనే ఉన్నాయి. అటువంటి పాత పెట్రోలు కారు దారిలో ఆగిపోయిందనుకోండి. లోపం ఎక్కడున్నదో ఎలా కనుక్కోవటం?

పెట్రోలు యింజనుకు పెట్రోలూ, గాలీ చాలవు. ఆ రెండింటినీ అంటించే నిప్పురవ్వ కూడా కావాలి. ఈ కారుకు నాలుగు సిలిండర్లు. యింజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు సెకనుకు 100 రవ్వలు పుట్టాలి! (డీజిలు యింజనుకు ఈ బాధ లేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది.)

రవ్వ ప్లగ్గు మొనల మధ్యనున్న సందును దూకాలి. అందుకు వేల వోల్టులు కావాలి. బ్యాటరీ యిచ్చేది 12 వోల్టులే. మిగతావి కాయిలులో పుడతాయి. అందులో ఇనుము చుట్టూ రెండు తీగచుట్టలున్నాయి. ఒకటి లావు తీగ, రెండవది వేల చుట్లున్న సన్నతీగ. లావు తీగలో కరెంటు పారినంతసేపూ ఇనుము అయస్కాంతమై ఉంటుంది. ఆ కరెంటును ఠక్కున ఆపితే, పోతున్న అయస్కాంతశక్తి సన్నతీగలో పదిహేను, ఇరవై వేల వోల్టులు పుట్టిస్తుంది. జోరుగా పారే నీటిని కొళాయి కట్టి ఒక్కసారిగా ఆపితే గొట్టం దభీమని అదిరిపడదూ? మెల్లిగా కడితే అదరదు. ఇక్కడా అంతే, ఠక్కున ఆగటమే ముఖ్యం. దీనికి మూలమైన సూత్రాన్ని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు.

కరెంటును ఆపేవి డిస్ట్రిబ్యూటరులోని "పాయింట్లు". అవి రెండు చిన్న లోహపు బిళ్లలు. కలుసుకుంటూ, విడిపోతూ ఉంటాయి. విడిపోయేటప్పుడు కరెంటు వాటి మధ్యనే దూకబోతుంది. దూకనిస్తే బిళ్లలు కాలిపోతాయి, ప్లగ్గు దగ్గర రవ్వకు బలం చాలదు. అందుచేత ఆ క్షణంలో కరెంటును తనలోకి తీసుకోవటానికి పక్కనే ఒక చిన్న డబ్బా ఉంటుంది. అదే కండెన్సరు.

మా ఊళ్లో ఒక టాక్సీ డ్రైవరుకు యిటువంటి కారే జీవనాధారం. ఉదయం బాగా నడిచేది. ఎండలో పదిహేను కిలోమీటర్లు పోగానే ఆగేది. అరగంట చల్లారితే మళ్లీ కదిలేది. ఒక మెకానిక్కు పెట్రోలు పంపు మార్చాడు, మరొకడు కార్బురేటరు మార్చాడు. డబ్బు పోయింది గాని రోగం పోలేదు. బేరాలు లేక కారును పాత ఇనుము కింద అమ్మేద్దామనుకుంటూ, చివరకు ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి వెళ్లాడు.

మేస్త్రీ బానెట్టు ఎత్తకుండానే, "దగ్గి దగ్గి ఆగుతుందా, దీపం ఆర్పినట్టు ఆగుతుందా?" అని అడిగాడు.

"దీపం ఆర్పినట్టే, మేస్త్రీగారూ!"

"అయితే పెట్రోలు జోలికి పోవద్దు. ఆగేదాకా నన్ను ఎక్కించుకుని తిప్పు, బాబూ."

పెట్రోలు చాలకపోతే యింజను సాధారణంగా ఊగుతూ, దగ్గుతూ ఆగుతుంది. రవ్వ పోతే ఒక్కసారే ఆగుతుంది. ప్రతిసారీ యిలాగే జరగదు గాని, వెతకటం ఎక్కడ మొదలుపెట్టాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

కారు ఆగింది. మేస్త్రీ ప్లగ్గు ఊడదీసి, దాని తీగ తగిలించి, యింజను లోహానికి ఆనించి చూశాడు. టపటపమని నీలంగా దూకవలసిన రవ్వ పచ్చగా, నీరసంగా ఉన్నది. డిస్ట్రిబ్యూటరు మూత తీస్తే పాయింట్లు నల్లగా మాడి ఉన్నాయి. అవి విడిపోయినప్పుడల్లా పెద్ద రవ్వ కనిపిస్తున్నది. వెంటనే, యింజను వేడిగా ఉండగానే, తాను తెచ్చిన మంచి కండెన్సరు తగిలించాడు. కారు కదిలింది! చల్లారాక మార్చి ఉంటే, కండెన్సరు వల్ల కదిలిందో, చల్లారినందువల్ల కదిలిందో తెలిసేది కాదు.

కండెన్సరులో పలచని లోహపు రేకులు, వాటి మధ్య కాగితం చుట్టి ఉంటాయి. ఆ కాగితం పాడయితే వేడికి కరెంటు లోలోపలే కారిపోతుంది. కాయిలు పాడయినా యిలాగే వేడికి కారు ఆగవచ్చు. కండెన్సరు మార్చినా కదలకపోతే మేస్త్రీ తరువాత చూసేది కాయిలునే.

మీరు మాత్రం ఆ తీగలు ముట్టుకోకండి. ఇరవై వేల వోల్టులతో ఆటలా? పక్కనే పెట్రోలు ఆవిరి కూడా ఉంటుంది.

వానాకాలంలో కారు ఆగితే కథ వేరు. డిస్ట్రిబ్యూటరు మూతలో చెమ్మ చేరి, కరెంటు దారి తప్పుతుంది. అప్పుడు తెలిసినవాళ్లు తాళంచెవి తీసి, మూత ఊడదీసి, పొడిగుడ్డతో తుడుస్తారు. చాలాసార్లు అదే చాలు.