తూము కింద సరస్వతి ఆకు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు ఏడాదికి పడే వాన ఐదారు వందల మిల్లీమీటర్లే. కొత్తిమీర కుటుంబానికి చెందిన సరస్వతి ఆకు మొక్క ఇక్కడ ఎవరూ నాటకుండా బతకాలంటే తేమ ఆరని చోటు కావాలి. అందుకే దీన్ని చెరువు తూము కింది కాలువ గట్టున, వరిమడి అంచున, బోరు పక్క నీడలో వెతకాలి. కన్నడ సరిహద్దు పల్లెల్లో దీన్నే ఒందెలగ అంటారు.

నేల మీద పాకే సన్నటి తీగ ఇది. కణుపు కణుపుకూ వేళ్లు దిగుతాయి. ఆకు గుండ్రంగా, కాడ దగ్గర లోపలికి నొక్కుకుని, అంచున చిన్న గంట్లతో ఉంటుంది. ఆకులు పక్కకు తీస్తే గానీ పూలు కనబడవు. కొత్తిమీర, వాము, సోంపు పూత గొడుగులా విచ్చుకుంటుంది కదా, ఇక్కడ ఆ గొడుగు మూడు నాలుగు చిన్న పూలకు కుదించుకుపోయింది. కాయ మాత్రం ముదిరాక ధనియంలాగే రెండు బద్దలవుతుంది.

వాసనను నమ్మి మొక్కలకు చుట్టరికం కలపకూడదు. బజ్జీలకు వాడే వామాకుది తులసి కుటుంబం. థైమాల్, కార్వక్రాల్ అనే దగ్గరి అణువుల వల్ల దానికి వాము ఘాటు వచ్చింది. బ్రాహ్మి పేరుతో అమ్మే నీటి సాంబ్రాణి కూడా సరస్వతి ఆకు కాదు, వేరే మొక్క. దాని ఆకులు చిన్నవి, దళసరివి, కాడకు ఎదురెదురుగా ఉంటాయి. సోక్రటీస్ ప్రాణం తీసిన హెమ్లాక్‌ది కొత్తిమీర కుటుంబమే. తెలియని గొడుగుపూల మొక్కను నోట పెట్టవద్దు.

సరస్వతి ఆకు కాస్త చేదు. కొబ్బరి, పచ్చిమిర్చి, చింతపండుతో నూరితే రాగిసంగటిలోకి మంచి పచ్చడి. జ్ఞాపకశక్తికని పిల్లలకు పెట్టడం పాత అలవాటే గానీ, దానికి గట్టి రుజువు ఇంకా దొరకలేదు. గాయాలు మాన్పడంలో ఆధారాలు మెరుగు. 1941లో మడగాస్కర్‌లో పెరిగిన ఇవే మొక్కల నుంచి వేరుచేసిన ఏషియాటికోసైడ్ చర్మంలో కొల్లాజెన్ తయారీని పెంచుతుంది. ఈ మొక్క సారంతో పుండ్లకు పూతమందులు వచ్చాయి. అయితే దీని మాత్రలు వారాల తరబడి వేసుకున్న ముగ్గురు మహిళలకు కామెర్లు వచ్చినట్టు 2005లో అర్జెంటీనా వైద్యులు రాశారు. పచ్చడిలో వేసే గుప్పెడాకు, గాఢమైన సారం ఒకటి కావు.

ఈ తీగ మురికినీటిలోని భారలోహాలను కూడా పీల్చుకుంటుంది. ధర్మవరం పట్టు అద్దకాల ఊరు. రంగునీళ్లు కలిసే కాలువ పక్కన పెరిగిన ఆకు ఎంత నవనవలాడుతున్నా కోయవద్దు. శుభ్రమైన నీళ్లున్న చోటి నుంచి వేళ్లున్న కణుపు ఒకటి తెచ్చి, నీడలో తొట్టిలో నాటి, మట్టి ఆరకుండా చూసుకుంటే ఇంట్లోనే అల్లుకుంటుంది.