కల్పిత జగత్తులలో రేయింబవళ్ళు, ఎండ వానలు

హైదరాబాదు పాతనగరమున, చార్మినారునకు దక్షిణముగా ఫలక్‌నుమా సమీపమున జహనుమా అను పేట కలదు. పారసీక భాషలో 'జహాన్' అనగా ప్రపంచము, 'ఫలక్' అనగా ఆకాశము, 'నుమా' అనగా చూపునది. ప్రపంచమును చూపునది జహాన్‌నుమా. ఆకాశమును చూపునది ఫలక్‌నుమా. ఇరుగుపొరుగు పేటల ఈ రెండు పేర్లును నేటి బాలుర చేతిలోని సెల్‌ఫోనునకు చక్కగా సరిపోవును. వారు ఆడు ఆటలలో కొండలు, కోటలు, అడవులతో కూడిన ఒక ప్రపంచము కలదు. దానిపై ఒక ఆకాశము కలదు. అచట సూర్యుడు ఉదయించును, అస్తమించును. మబ్బు పట్టును, వాన కురియును. ఆ ఆకాశమును నడపునది ఏది? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొనినచో, మన నిజమైన ఆకాశమును గురించి కూడ కొంత తెలియగలదు.

పాత్రధారణ ఆటలు

నాటకములో నటుడు వేషము ధరించునట్లు, ఈ ఆటలలో ఆడువాడు ఒక యోధుడుగనో, వైద్యుడుగనో, వర్తకుడుగనో పాత్ర ధరించి సంచరించును. ఇంటర్నెట్టు ద్వారా వేలమంది ఒకే ప్రపంచములో కలిసికొందురు. ఈ ప్రపంచము యొక్క లెక్క లంతయు వ్రాసియుంచు కంప్యూటరును సర్వరు అందురు.

ఇట్టి ఆటలకు మూలపురుషుడు 1978లో ఇంగ్లండులోని ఎసెక్సు విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనువారు తయారుచేసిన 'మడ్' అను ఆట. అందులో బొమ్మలు లేవు. అంతయు అక్షరములలో వ్రాసిన వర్ణనయే. 1990–91లో డెన్మార్కులోని కోపెన్‌హేగెను విశ్వవిద్యాలయ విద్యార్థులు 'డికుమడ్' అను మరియొక ఆటను వ్రాసిరి. అదియు అక్షరముల ఆటయే. అయినను అందులో సూర్యోదయము, సూర్యాస్తమయము, మబ్బు, వాన, మెరుపు అన్నియు ఉన్నవి.

ఆటలోని గడియారము

ఆటలో పగలు రాత్రి రావలెనన్నచో మొదట ఒక గడియారము కావలెను. దీనికి కొత్త యంత్రము అవసరము లేదు. కంప్యూటర్లలో చాలవరకు 1970 జనవరి 1వ తేదీ నుండి గడచిన సెకనులను లెక్కించుచుండును. ఆ సంఖ్యను ఒక నియమిత సంఖ్యచే గుణించినచో ఆటలోని కాలము వచ్చును. డికుమడ్‌లో 75 సెకనులు ఒక గంటతో సమానము. కావున 24 గంటల రోజు 1,800 సెకనులలో, అనగా అరగంటలో ముగియును. ఆ ఆటలో 5వ గంటకు తెల్లవారును. 21వ గంటకు ప్రొద్దుగ్రుంకును.

1999లో వెలువడిన ఎవర్‌క్వెస్ట్ అను ఆటలో ఒక రోజు 72 నిమిషములు. 2002లో జపానులో వెలువడిన ఫైనల్ ఫాంటసీ 11వ ఆటలో 57 నిమిషముల 36 సెకనులు. అదే వరుసలో 2013లో పునర్నిర్మింపబడిన 14వ ఆటలో 70 నిమిషములు. 2004లో వెలువడిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో మాత్రము గడియారము సర్వరు ఉన్న ప్రాంతపు నిజమైన కాలమునే అనుసరించును.

ఈ చివరి పద్ధతిలో ఒక చిక్కు కలదు. సర్వరు సింగపూరులో ఉన్నదనుకొందము. సింగపూరు కాలము మన కాలముకంటె 2 గంటల 30 నిమిషములు ముందున్నది. జహనుమాలో సాయంకాలము 5 గంటలకు ఎండ ఉండగా ఆటలో 7 గంటల 30 నిమిషములై చీకటి పడియుండును. ఇది మనకు కొత్త అనుభవము కాదు. భారతదేశ ప్రమాణకాలము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి నిర్ణయింపబడినది. హైదరాబాదు సుమారు 78½ డిగ్రీల వద్ద కలదు. ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషముల చొప్పున 4 డిగ్రీలకు 16 నిమిషములు. అందుచేత హైదరాబాదున సూర్యుడు నడినెత్తి రేఖను దాటుట సగటున 12 గంటల 16 నిమిషములకు జరుగును. మన చేతి గడియారము కూడ దూరపు సర్వరును అనుసరించు గడియారము వంటిదే.

72కును 70కిని గల భేదము

ఆటలోని రోజును చిన్నదిగా చేయుటకు ముఖ్యకారణము న్యాయము. పగలు పాఠశాలకో, పనికో పోయి రాత్రి 9 గంటలకు మాత్రమే ఆడగలవానికి, నిజకాలమును అనుసరించు ఆటలో ఎన్నడును సూర్యుడు కనబడడు. రోజు చిన్నదైనచో ఒక్క కూర్చుండుటలోనే ఉదయము, సాయంత్రము రెండును చూడగలడు.

కాని ఎంత చిన్నది? ఇచట చిన్న భాగహారము చేసి చూడవలెను. మన రోజులో 1,440 నిమిషములు. 1,440ను 72చే భాగించినచో 20 వచ్చును, శేషము సున్న. అనగా గడియారము ఆగకుండ నడచినచో, ప్రతిదినము సరిగా 9 గంటలకు ఆట తెరచువానికి ఎల్లప్పుడును ఆటలోని అదే గంట కనబడును. 57 నిమిషముల 36 సెకనుల రోజు కూడ ఇట్టిదే. అది మన రోజులో సరిగా 25 సార్లు ఇముడును.

1,440ను 70చే భాగించినచో 20 వచ్చి 40 నిమిషములు మిగులును. అందుచేత నేడు 9 గంటలకు ఆటలో సూర్యోదయమైనచో, రేపు అదే వేళకు ఆటలో సుమారు 13 గంటల 43 నిమిషములు ముందునకు జరిగియుండును. ఏడు దినములకు శేషములు కలిసి 280 నిమిషములై, అనగా సరిగా 4 ఆట దినములై, మరల మొదటి స్థితి వచ్చును. శేషము ఉన్న సంఖ్యను ఎన్నుకొనుటచే, ఒకే వేళకు ఆడువానికి వారములో ఏడు వేరువేరు వేళలు కనబడుచున్నవి. ఐదవ తరగతి భాగహారము ఇచట ఒకని ఆకాశమును నిర్ణయించుచున్నది.

సూర్యుడును వెలుగును

గడియారము చెప్పిన వేళను బట్టి సూర్యుని కోణము తెలియును. 24 గంటలకు 360 డిగ్రీలు. గంటకు 15 డిగ్రీలు. కోణము తెలిసిన పిమ్మట నేలపై ఎంత వెలుగు పడునో లెక్కింపవలెను. ఈ నియమమును 1760లో జోహాన్ హైన్రిఖ్ లాంబర్టు ప్రకటించెను. వాలుగా పడు కిరణములు ఎక్కువ స్థలముపై పరచుకొనును. కావున ఒక్కొక్క చోట వెలుగు తగ్గును. సూర్యుడు నడినెత్తిన ఉన్నపుడు వెలుగు 1 అనుకొన్నచో, 30 డిగ్రీల ఎత్తున ఉన్నపుడు సగము మాత్రమే. నేటి ఆటలలో గోడపైనను, నేలపైనను వెలుగు నీడలకు ఆధారము ఈ పాత సూత్రమే.

ఆకాశపు రంగు కష్టమైన విషయము. గాలిలోని అణువులు పొట్టి తరంగములను ఎక్కువగా చెదరగొట్టునని 1871లో రేలీ ప్రభువు నిరూపించెను. 400 నానోమీటర్ల ఊదా కాంతి, 700 నానోమీటర్ల ఎర్ర కాంతికంటె 9 రెట్లు అధికముగా చెదరును. సాయంకాలము కిరణములు గాలిలో చాలదూరము ప్రయాణించుటచే నీలము దారిలోనే చెదరిపోయి, ఎరుపు మిగులును. సెకనుకు 60 చిత్రములు గీయు ఆటలో ఒక్కొక్క చిత్రమునకు సెకనులో 60వ వంతు కాలమే దొరకును. అంతలో ఈ లెక్క అంతయు చేయుట చిన్న సెల్‌ఫోనుకు భారము. కావున ఉదయము, మధ్యాహ్నము, సంధ్య, రాత్రి వేళల రంగులను చిత్రకారులు ముందుగా నిర్ణయించి ఉంచుట కలదు. మధ్య వేళలలో కంప్యూటరు ఒక రంగును మరియొక దానితో పాళ్ళ ప్రకారము కలుపును.

అయితే అనేక ఆటలలో సూర్యుడు ప్రతిదినము ఒకే త్రోవన పోవును. పగలు ఎప్పుడును ఒకే నిడివి. భూమి అక్షము 23½ డిగ్రీలు వంగియుండుటచే మన కట్లు కాదు. హైదరాబాదున జూనులో పగలు సుమారు 13 గంటల 10 నిమిషములు. డిసెంబరులో సుమారు 11 గంటల 5 నిమిషములు. మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతమున సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చి, నిలువుగా నాటిన కర్రకు నీడ లేకుండ పోవును.

ఆటలోని భారమితి

డికుమడ్‌లో వాన ఎట్లు వచ్చునో చూతము. అందులో వాయుపీడనమును తెలుపు ఒక సంఖ్య కలదు. అది 960కి తగ్గదు, 1,040కి మించదు. మిల్లీబారులలో సముద్రమట్టపు సగటు పీడనము 1,013 అని విద్యార్థు లెరుగుదురు. ఆట గంట కొకసారి ఈ పీడనము మారును. ఆ మార్పులో రెండు భాగములు: ఒకటి మధ్యస్థానమునకు లాగు బలము, రెండవది పాచికల విలువ. మధ్యస్థానము కొన్ని నెలలకు 985, తక్కిన నెలలకు 1,015. అనగా ఆ జగత్తునకును ముసురు కాలము, ఎండకాలము ఉన్నవి. ఒక గంటలో మార్పు 12కు మించదు. కావున వాతావరణము తటాలున తారుమారు కాదు. నిర్మలాకాశములో పీడనము 990కి దిగువకు పోయినచో మబ్బు పట్టును. మబ్బున్నపుడు 970కి దిగువకు పోయినచో వాన కురియును.

ఈ నియమమును హైదరాబాదునకు అన్వయించినచో ఒక వింత కనబడును. ఈ నగరము సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇచట భారమితి సాధారణముగా 950 మిల్లీబారుల ప్రాంతమున నిలుచును. ఆ లెక్కన హైదరాబాదున సంవత్సరమంతయు వాన కురియవలెను! వాతావరణ శాఖవారు ప్రతి ఊరి పీడనమును సముద్రమట్టమునకు సరిచేసి పటమున ఎందుకు గుర్తింతురో ఈ ఉదాహరణముచే తెలియగలదు.

ముందే తెలిసిన వాన

వేలమంది ఒకే చోట నిలిచియున్నపుడు ఒకనికి వాన, మరియొకనికి ఎండ కనబడరాదు. వేయి చినుకుల స్థానములను, ఒక్కొక్క దానికి 12 బైట్ల చొప్పున, సెకనుకు 60 సార్లు సర్వరు పంపినచో ఒక్కొక్కనికి సెకనుకు 7,20,000 బైట్లు కావలెను. ఇది వ్యర్థము. 'ఇచట వాన' అను ఒక్క మాట చాలును. చినుకులను ఎవరి పరికరము వారే గీసికొందురు. అవియు ఆడువాని చుట్టుపట్ల మాత్రమే. అతడు నడచినచో వాన కూడ అతనితో నడచును.

ఫైనల్ ఫాంటసీ 14వ ఆటలో వాతావరణము ఆట గంటలు 8కి ఒకసారి, అనగా 23 నిమిషముల 20 సెకనులకు ఒకసారి మారును. అప్పటి కాలమును ఒక సూత్రములో వేయగా 0 నుండి 99 వరకు ఒక సంఖ్య వచ్చును. ఏ సంఖ్యకు ఏ వాతావరణమో ప్రతి ప్రాంతమునకును ఒక పట్టిక కలదు. చూచువానికి ఇది యాదృచ్ఛికమని తోచును. కాని సూత్ర మెరిగినవాడు వచ్చే సంవత్సరము ఫలానా నిమిషమున వాన పడునా అనుదానిని నేడే తప్పులేకుండ చెప్పగలడు.

నిజమైన ఆకాశము విషయమున ఇది సాధ్యము కాదు. 1961లో అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ కంప్యూటరుతో వాతావరణమును లెక్కించుచు, 0.506127 అను సంఖ్యకు బదులు 0.506 అని వేసెను. మొదట ఫలితములు కలిసియే నడచెను. కొంతకాలమునకు రెండును పూర్తిగా విడిపోయెను. నిజమైన వాతావరణము కూడ నియమబద్ధమే. కాని దాని ప్రారంభస్థితిని మనము సంపూర్ణముగా కొలువజాలము. ఆ చిన్న లోపమే దినదినమునకు పెరిగిపోవును.

నేలను తాకిన పిమ్మట

ఆటలోని చినుకు నేలను తాకగానే మాయమగును. నిజమైన చినుకు కథ అప్పుడే మొదలగును. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదున 24 గంటలలో సుమారు 19 సెంటీమీటర్ల వాన కురిసెను. ఒక చదరపు కిలోమీటరుపై 19 సెంటీమీటర్ల నీరనగా 1,90,000 ఘనపు మీటర్లు, అనగా 19 కోట్ల లీటర్లు. నేల పీల్చినంత పీల్చగా, తక్కిన నీరు నాలాల వెంట, చెరువుల వెంట దారి వెదకికొనవలెను. జహనుమాకు పొరుగున ఫలక్‌నుమాలోని అల్ జుబైల్ కాలనీ వంటి పల్లపు ప్రాంతములు ఆ దినములలో నీట మునిగెను. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచిన పిమ్మటనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు కట్టబడెను.

నీటి ప్రవాహమును ఆటలో ఏల చూపరు? ఒక చదరపు కిలోమీటరును మీటరు గళ్ళుగా విభజించినచో 10 లక్షల గళ్ళగును. ప్రతి గడిలోని నీరు నాలుగు ప్రక్కలకు ఎంత పోవునో క్షణక్షణమును లెక్కింపవలెను. వినోదమునకు ఇంత లెక్క అనవసరము. కాని వరద ఏ వీధికి, ఎంత లోతున వచ్చునో ముందుగా తెలిసికొన గోరు ఇంజనీర్లు సరిగా ఈ లెక్కనే కంప్యూటర్లపై చేయుదురు. ఆటకు మెరుగులు దిద్దు గణితమే పల్లపు వీధులలోనివారిని ముందుగా హెచ్చరింపగలదు.

మరియొక విషయము. రాత్రి 9 గంటలకు మొదలుపెట్టి 70 నిమిషముల దినములు గల ఆటను తెల్లవారుజాము 4 గంటల వరకు ఆడినవాడు సరిగా 6 దినములు గడపును. వాని శరీరములోని గడియారము మాత్రము ఒక్క రాత్రినే లెక్కించును. ఈ గడియారము జీవకణములలో నడచు విధమును కనుగొన్నందులకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనువారికి 2017లో నోబెల్ బహుమతి లభించెను. దానిని 72చేతను, 70చేతను భాగించుట సాధ్యము కాదు.

ఉపాధ్యాయులు తరగతిలో రెండు పనులు చేయింపవచ్చును. మొదటిది: తామాడు ఆటలో ఒక రోజు ఎన్ని నిమిషములో విద్యార్థులు గడియారముతో కొలిచి, 1,440ను దానిచే భాగించి, శేషమును బట్టి రేపటి ఆకాశమును ముందుగా చెప్పవలెను. రెండవది: పాఠశాల ఆవరణలో ఒక కర్ర నాటి, ప్రతివారము ఒకే దినమున మధ్యాహ్నపు పొట్టి నీడను కొలిచి పట్టిక వ్రాయవలెను. మొదటి లెక్క ఒక్క గంటలో తేలును. రెండవ దానికి సంవత్సరము పట్టును.