పడుగు, కరారునామా: కంప్యూటరు పాఠంలో రెండు మాటలు

తెలుగు ఉపన్యాసకులకు కంప్యూటరు పాఠంతో పని ఏమున్నదని పాఠకులు అడుగవచ్చును. ఆ పని మేము కోరకుండానే మా వద్దకు వచ్చినది. కంప్యూటర్ సైన్సు చదివే విద్యార్థులు ఇద్దరు, ఒకరు ఉర్దూ మాధ్యమం నుండి, మరొకరు తెలుగు మాధ్యమం నుండి వచ్చినవారు, ఒకనాడు మా గదికి వచ్చి, "సార్, ఆబ్‌స్ట్రాక్ట్ క్లాస్‌ను తెలుగులో ఏమంటారు?" అని అడిగినారు. మేము ఉత్సాహంతో "అమూర్త తరగతి" అని చెప్పి పంపినాము. తెలుగు మాట విన్న పిదప వారికి అంతకు ముందు తెలిసిన కాస్త కూడా చెదరిపోయినదని తరువాత గాని మాకు తెలియలేదు. వారిలో ఒకడు బెంగళూరులో ఉద్యోగపు ఇంటర్వ్యూకు వెళ్లి, నోట్సులోని నిర్వచనాన్ని తప్పు లేకుండా అప్పజెప్పి, "సరే, ఎప్పుడు ఏది వాడతావు?" అనగానే మౌనం వహించి తిరుగు రైలెక్కినాడు. ఆ మౌనంలో మా పాలు కొంత ఉన్నదని తోచి, తోటి కంప్యూటరు ఉపన్యాసకుల వద్ద కూర్చుండి నేర్చుకొన్నదానిని ఇక్కడ వ్రాయుచున్నాము.

మొదట మా తప్పును దిద్దుకొందుము. ఇక్కడ క్లాసు అనగా తరగతి గది కాదు, నమూనా. ఆ నమూనాను బట్టి తయారైన ఒక్కొక్క వస్తువు ఆబ్జెక్టు. ఈ ఆలోచన నార్వే దేశంలో పుట్టినది. ఒలె యోహాన్ డాల్, క్రిస్టెన్ న్యూగార్డ్ అను ఇద్దరు పండితులు రూపొందించిన సిమ్యులా 67 అను భాషలో క్లాసులు, వాటి ఉపక్లాసులు కనిపించినవి. అటుపిమ్మట 1989లో సి ప్లస్ ప్లస్ భాషలో ఆబ్‌స్ట్రాక్ట్ క్లాసులు చేరినవి. 1995లో వెలువడిన జావా భాష ఇంటర్‌ఫేస్ అను మాటను ప్రపంచమంతటా విద్యార్థుల నోట నానునట్లు చేసినది.

ఇక ధర్మవరం పోదాము. మగ్గం మీద పడుగు ఎక్కించి ఉన్నదనుకొందుము. పోగులు బిగించి ఉన్నవి, పొడవు తేలినది, అంచుకు రంగు కుదిరినది. సగం పని ముగిసినట్లే. అయినను ఆ పడుగును ఎవరూ కట్టుకొనలేరు. పేక పడినప్పుడే అది చీర. ఆబ్‌స్ట్రాక్ట్ క్లాసు ఈ పడుగు వంటిది. ఒక నేతగాండ్ర సంఘానికి లెక్కల ప్రోగ్రాము వ్రాయవలసి వచ్చినదని ఊహింపుడు. "చీర" అను ఆబ్‌స్ట్రాక్ట్ క్లాసులో నేసినవారి పేరు, పొడవు, జరీ తూకం ఉంచవచ్చును. రసీదు ముద్రించే మెథడ్‌ను పూర్తిగా వ్రాయవచ్చును, ఏలననగా రసీదు అన్ని చీరలకూ ఒకటే. కాని కూలి లెక్క ఒకటి కాదు. సాదా చీరకు ఒక తీరు, పెద్దంచు చీరకు వేరొక తీరు. కనుక "కూలి లెక్కించు" అను మెథడ్‌కు పేరు మాత్రం పెట్టి, లోపల ఖాళీగా వదలవలెను. ఆ ఖాళీని నింపడం ఉపక్లాసుల బాధ్యత. నింపకుండా ఆబ్జెక్టును తయారు చేయబోతే కంపైలరు ఒప్పుకొనదు. పేక లేని పడుగును చీరయని అమ్మనీయని గట్టి వ్యాపారి ఆ కంపైలరు.

ఇంటర్‌ఫేస్ కథ వేరు. అందులో పోగు కూడ లేదు, మాట మాత్రమే ఉన్నది. ఉర్దూలో ఇక్రార్‌నామా అనునదియు, మన పల్లెలలో కరారునామా అనునదియు ఇదే. ఈ కళాశాలలో రెండు భాషల పిల్లలకూ విడమరచి చెప్పనక్కరలేని మాట ఇంతకంటె మాకు దొరకలేదు. సంతకం పెట్టినవాడు ఏమేమి చేయవలెనో అందులో ఉండును, ఎట్లు చేయవలెనో ఉండదు.

దీనికి కూడ మగ్గమే సాక్షి. ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరపు జోసెఫ్ మరీ జకార్డ్ 1804లో రూపొందించిన యంత్రం పేరు ఇప్పటికీ మన నేతగాండ్ర నాలుకపై జాకార్డుగా నిలిచినది. అట్టలో రంధ్రం ఉన్నచోట సూది లోనికి దూరును, కొక్కెం లేచును, దానితో పడుగు పోగు పైకి వచ్చును. రంధ్రం లేనిచోట సూది వెనుకకు నెట్టబడును, పోగు లేవదు. అట్టలు కొట్టేవానికి పట్టు రంగుతో పని లేదు. మగ్గానికి అది హంసయో మామిడిపిందెయో తెలియదు. ఇద్దరికీ నడుమ ఉన్నది రంధ్రాల వరుస, కొక్కేల లెక్క, అట్ట కొలత మాత్రమే. ఆ కొలత తప్పనంతవరకు అట్టలు మార్చవచ్చును, డిజైను మారును, మగ్గం మారదు. చార్లెస్ బాబేజీ తన అనలిటికల్ ఇంజనుకు ఈ అట్టల పద్ధతినే తీసుకొన్నాడు. కాబట్టి కంప్యూటరు మనకు క్రొత్త చుట్టమేమీ కాదు.

ఎప్పుడు ఏది? ఇదియే మా విద్యార్థిని ఆపిన ప్రశ్న. హిందూపురం పట్టుగూళ్లు, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుండి తయారగుచున్న కియా కార్లు, ధర్మవరం చీరలు, ఈ మూడింటికీ చుట్టరికం కలదా? పట్టుగూటికీ పట్టుచీరకూ కలదేమో గాని కారుకు లేదు. అయినను మూడింటినీ బండి కెక్కించవలెను, తూకం చెప్పవలెను. అప్పుడు "రవాణాయోగ్యం" అను ఇంటర్‌ఫేస్ ఒకటి చాలును. ఒకే కుటుంబంలోని సాదా చీర, పెద్దంచు చీర రసీదునూ పొడవునూ పంచుకొనును గనుక వాటికి ఆబ్‌స్ట్రాక్ట్ క్లాసు తగును. జావాలో ఒక క్లాసుకు తల్లి క్లాసు ఒక్కటే ఉండవచ్చును, కరారునామాలు ఎన్నింటిపైనైనను సంతకం పెట్టవచ్చును. చీర ఒకే సమయంలో రవాణాయోగ్యమూ కావచ్చును, బీమాయోగ్యమూ కావచ్చును.

ఇంటర్‌ఫేస్‌లో మెథడ్‌కు శరీరం ఉండనే ఉండదని నోట్సులలో నేటికీ కనిపించును. అది పాతబడిన మాట. 2014లో వెలువడిన జావా 8లో డిఫాల్ట్ మెథడ్‌లు వచ్చినవి. కారణం సులభము. కరారునామాలో ఒక క్రొత్త షరతు చేర్చినచో పూర్వం సంతకం పెట్టిన క్లాసులన్నీ ఒక్కసారిగా చెల్లకుండా పోవును. అందుచేత క్రొత్త షరతుకు ఒక సిద్ధమైన సమాధానాన్ని కూడ జతపరచుటకు వీలు కల్పించినారు. రెండు ఇంటర్‌ఫేస్‌లు ఒకే పేరుతో వేర్వేరు సమాధానాలు ఇచ్చినచో, ఏది కావలెనో క్లాసే తేల్చి చెప్పవలెను, లేకున్న కంపైలరు కదలదు. ఇంత జరిగినను ఒక్కొక్క ఆబ్జెక్టుకూ విడిగా ఉండే విలువలను, అనగా నేసినవారి పేరు, పొడవు వంటివానిని, ఇంటర్‌ఫేస్ దాచుకొనలేదు. ఆ పని క్లాసుదే.

మరొక మాట. క్రొత్తగా నేర్చినవారు కనిపించిన ప్రతిదానికీ ఇంటర్‌ఫేస్ వ్రాయుదురు. సంతకం పెట్టేవాడు ఒక్కడే ఉండి, రెండవవాడు వచ్చే సూచన లేనిచోట కరారునామా కాగితపు ఖర్చు తప్ప మరేమీ కాదని మా అభిప్రాయం.

ఆ విద్యార్థి చేత ఈ ప్రోగ్రామును మరల వ్రాయించినాము. తరువాత "పావడా చేర్చుము" అన్నాము. అది చీర కాదు గనుక చీర క్లాసు క్రిందికి రాదని తానే చెప్పి, వేరుగా ఒక క్లాసు వ్రాసి, రవాణాయోగ్యానికి సంతకం పెట్టించినాడు. కార్లను, పట్టుగూళ్లను, చీరలను బండి కెక్కించే భాగంలో ఒక్క పంక్తియైనను మార్చలేదు.