కంటికి కరెంటు పెడితే చూపు వస్తుందా?

'రేచీకటి' అనే మాటని ఎప్పుడైనా విడదీసి చూశారా? రే అంటే రాత్రి. రాత్రి అందరికీ చీకటే కదా, మళ్ళీ దానికో పేరెందుకు? ఎందుకంటే కొందరికి ఆ చీకటి మనకంటే ముందే వచ్చేస్తుంది. సాయంత్రం ఆరున్నరకి మనకి వీధి మసగ్గా అయినా కనిపిస్తుంది, వాళ్ళకి అప్పటికే ఏమీ కనపడదు. విటమిన్ ఏ లోపం వల్ల వచ్చిన రేచీకటి అయితే మందులతో తగ్గుతుంది. జన్యువుల వల్ల వచ్చేది ఇంకోటుంది. దాని పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా, షార్ట్‌గా ఆర్‌పీ. ప్రపంచంలో సుమారు 4000 మందిలో ఒకరికి ఉంటుంది.

మా మామయ్యకి ఉన్నది అదే. ఎదురుగా పట్టుకున్న పేపర్ చదివేస్తారు, కానీ పక్కన పెట్టిన కాఫీ గ్లాసు కనపడదు. ఈమధ్య ఆయనకి వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ వచ్చింది. కంటికి సన్నగా కరెంటు ఇస్తే పోయిన చూపు తిరిగొస్తుందట, ముందే డబ్బు కట్టాలట. "ఏరా, నువ్వు కంప్యూటర్స్ కదా, ఇందులో నిజమెంతో చూడు" అన్నారు. కంప్యూటర్స్‌కీ కంటికీ సంబంధం ఏంటంటారా? చాలానే ఉంది.

కన్ను ఉత్త కెమెరా కాదు

కంటి వెనక గోడకి అతుక్కుని ఉండే పల్చటి పొర రెటీనా. అందులో వెలుగుని పట్టుకునే కణాలు రెండు రకాలు. మసక వెలుతురులో పనిచేసే రాడ్స్ దాదాపు 12 కోట్లు, రంగులూ అక్షరాలూ చూపించే కోన్స్ దాదాపు 60 లక్షలు. కానీ కంటి నుంచి మెదడుకి వెళ్ళే నరంలో తీగలు సుమారు 10 లక్షలే. అంటే వందకి పైగా సెన్సర్లకి ఒక వైరు! మధ్యలో ఉన్న కణాల పొరలు అంచులు ఎక్కడున్నాయి, ఏది కదులుతోంది లాంటి లెక్కలు వేసి, డేటాని కుదించి పంపుతాయి. మనం వీడియోని కంప్రెస్ చేసినట్టే.

ఆర్‌పీలో ముందు రాడ్స్ చచ్చిపోతాయి. అందుకే మొదట రాత్రి చూపు, తర్వాత పక్క చూపు పోతాయి. గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త మిగులుతుంది. చివరికి కోన్స్ కూడా పోతాయి. అయితే వాటి నుంచి సిగ్నల్ అందుకునే పొరల్లో చాలా కణాలు ఎన్నో ఏళ్ళు బతికే ఉంటాయి. సెన్సర్ పోయింది, కేబుల్ మిగిలింది. మరి కేబుల్‌కి నేరుగా సిగ్నల్ ఇవ్వలేమా?

ఈ ఆలోచన కొత్తది కాదు. 1755లో ఫ్రాన్స్‌లో చార్లెస్ లెరోయ్ అనే వైద్యుడు ఒక అంధుడి తల చుట్టూ తీగలు చుట్టి కరెంటు పంపాడు. ఆ మనిషికి మెరుపులు కనిపించాయి. చూపు మాత్రం రాలేదు. మెరుపు కనిపించడం వేరు, చూడడం వేరు. ఫార్వర్డ్‌లన్నీ దాచేది ఈ తేడానే.

అరవై చుక్కల ముగ్గు

'కరెంటు వైద్యం' అనే ఒకే పేరు కింద రెండు వేర్వేరు పనులున్నాయి. మొదటిది, పోయిన చూపుకి బదులు కృత్రిమ చూపు ఇవ్వడం. అమెరికాలో 2013లో అనుమతి పొందిన ఆర్గస్ 2 అలాంటిదే. కళ్ళజోడులో కెమెరా, నడుముకి చిన్న కంప్యూటర్, రెటీనా మీద 60 ఎలక్ట్రోడ్లు. ఆరు వరుసలు, వరుసకి పది చుక్కలు. ముగ్గు వేసేవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. అన్ని చుక్కల్లో ఇంగ్లీషు ఎల్ అక్షరం వస్తుంది, మన 'క్ష్మి' వస్తుందా? పైగా ప్రతి ఎలక్ట్రోడూ ఒక చుక్కే ఇవ్వదు. పక్కనుంచి పోయే నరాల తీగలకీ కరెంటు తగిలి, చుక్క కాస్తా గీతలా సాగుతుంది. కంప్రెస్ అయిన ఫైల్‌లోకి, దాని ఫార్మాట్ పూర్తిగా తెలియకుండానే బయటినుంచి బిట్స్ రాస్తున్నట్టు అన్నమాట. అయినా తలుపు ఎక్కడుందో, ఎదురుగా మనిషి ఉన్నాడో లేదో కొందరు తెలుసుకోగలిగారు. ఏమీ కనపడనివాళ్ళకి అది తక్కువేం కాదు.

తర్వాతి కథ మాత్రం మన బ్రాంచ్ వాళ్ళందరూ వినాల్సింది. ప్రపంచంలో సుమారు 350 మందికి ఆ పరికరం పెట్టాక, కంపెనీ 2019లో దాన్ని ఆపేసింది. మనకి ఫోన్‌లో 'సపోర్ట్ ముగిసింది' అని మెసేజ్ వస్తే విసుక్కుని కొత్తది కొంటాం. అదే మెసేజ్ కంటి లోపల ఉన్నదానికి వస్తే?

ఉన్నది నిలబెట్టుకోవడం

రెండో పని పూర్తిగా వేరు. ఇందులో ఆపరేషన్ లేదు. కంటి ముందున్న కార్నియాకి సన్నటి దారం లాంటి ఎలక్ట్రోడ్ తగిలించి, వారానికోసారి అరగంట చాలా కొద్ది కరెంటు ఇస్తారు. కొత్త చూపు ఇవ్వాలని కాదు, మిగిలిన కణాలు చావకుండా ఆపాలని. ఎలకల మీద జపాన్‌లో చేసిన ప్రయోగాల్లో, కరెంటు తగిలినప్పుడు రెటీనాలో కణాలని కాపాడే ప్రొటీన్లు పెరిగాయి.

మరి మనుషుల్లో? జర్మనీలో 2011లో 24 మందితో ఆరు వారాల అధ్యయనం వచ్చింది. ఎక్కువ మోతాదు ఇచ్చినవాళ్ళలో చూపు వెడల్పు కొంత పెరిగింది. 2017లో 52 మందితో ఏడాది పాటు చేసిన దాని ఫలితం వచ్చింది. ప్రమాదం పెద్దగా లేదని తేలింది, కళ్ళు పొడిబారడం లాంటివే ఎక్కువ. రెటీనా ఇచ్చే సిగ్నల్ కొలతల్లో కొంత మెరుగు కనిపించింది. కానీ మిగతా చాలా కొలతల్లో తేడా స్టాటిస్టికల్‌గా నిలబడలేదు. ఆశ ఉంది, రుజువు ఇంకా చాలదు. 'పోయిన చూపు తిరిగొస్తుంది' అన్న మాట ఈ ఫలితాల్లో ఎక్కడా లేదు.

మేనరికం లెక్క

మా అమ్మమ్మ, తాతయ్య సొంత బావామరదళ్ళు. ఇద్దరికీ చూపు బాగానే ఉండేది. ఆర్‌పీ రకరకాలుగా వస్తుంది. మాది రిసెసివ్ రకం అనుకుందాం, అంటే తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ పాడైన కాపీ వస్తేనే జబ్బు. మామయ్య కూతురికి ఒక పాడైన కాపీ ఖాయంగా ఉంటుంది, చూపు మాత్రం మామూలే. జబ్బు లేని మా అమ్మకి ఆ కాపీ ఉండే అవకాశం 2/3, నాకు 1/3. మామయ్య కూతురంటే నాకు వరసకి మరదలు, అమ్మమ్మ సరదాగా ఏమంటుందో మీరే ఊహించుకోండి! ఆ సరదా నిజమైతే, పుట్టే బిడ్డకి ఆర్‌పీ వచ్చే అవకాశం 1/3 × 1/4, అంటే పన్నెండింట ఒకటి. 4000లో ఒకటి పక్కన పెట్టి చూడండి. ప్రాబబిలిటీ క్లాసులో ఇంత శ్రద్ధగా నేనెప్పుడూ లెక్క చేయలేదు.

మాది ఏ రకమో జన్యు పరీక్షతోనే తేలుతుంది. దానికి ఇంకో ఉపయోగం కూడా ఉంది. ఆర్‌పీఈ65 అనే జన్యువులో లోపం ఉన్నవాళ్ళకి 2017లోనే అమెరికాలో జన్యు చికిత్సకి అనుమతి వచ్చింది. ఆ ఒక్క జన్యువుకే, కానీ మనది ఏదో తెలియకపోతే రేపు మందు వచ్చినా మనకో కాదో తెలీదు.

మామయ్యకి చెప్పింది ఇదే. డబ్బు కట్టేముందు వాళ్ళని మూడు అడగమన్నాను. ఇది కొత్త చూపు ఇచ్చేదా, ఉన్నది కాపాడేదా? ఎంతమంది మీద, ఎన్నాళ్ళు పరీక్షించారు? కరెంటు ఇవ్వకుండా ఇచ్చినట్టు నటించిన గ్రూపుతో పోల్చారా? ఆయన ఫోన్ చేసి అడిగారు. రెండో ప్రశ్నకే అవతల లైన్ కట్ అయిందట. ఆ డబ్బుతో వచ్చే నెల జన్యు పరీక్షకి వెళ్తున్నాం. రక్తం ఇచ్చేది మామయ్య ఒక్కరే కాదు, నేను కూడా.